ఆర్నె లార్సన్ రెండవ జీవితము

అమరాపురము, మడకశిర, పెనుకొండ ప్రాంతములలో కరెంటు మోటారులు రాక పూర్వము బావినుండి నీరు తోడుటకు కపిలయే దిక్కు. నిండిన కపిల బానను పైకి లాగునవి ఎద్దులే యైనను, వానిని వాలు వెంబడి క్రిందికి నడపుచు, మరల వెనుకకు మరలించుచు, అదను తప్పక అదిలించువాడు కపిల తోలువాడు. ఎద్దులలో సత్తువ ఏమాత్రము తగ్గకున్నను, అతని అదిలింపు వానికి చేరనినాడు కపిల నిలిచిపోవును. నీరు కాలువ కెక్కదు. మడిలోని పైరు వాడును. మానవుని గుండెలోను ఇట్టి ఏర్పాటే యున్నది. కండరపు బలము వేరు, ఆ కండరమును సకాలమున కదలించు ప్రేరణ వేరు. బలముండియు ప్రేరణ లేక నిలిచిపోవు గుండెను, దేహములోపల అమర్చిన యంత్రముచేత మరల నడపిన కథ 1958వ సంవత్సరమున స్వీడను దేశమున ఆరంభమైనది. ఆ కథకు నాయకుడు వైద్యుడు కాడు, రోగి. అతని పేరు ఆర్నె లార్సన్.

గుండె పైభాగమున, కుడి కర్ణిక గోడయందు, ఒక చిన్న కణసముదాయము కలదు. నిమిషమునకు 60 మొదలు 100 పర్యాయముల వరకు అది సన్నని విద్యుత్ప్రేరణను పుట్టించుచుండును. ఆ ప్రేరణ మొదట పై గదులగు కర్ణికలను ముడుచుకొనునట్లు చేసి, నడుమనున్న ఒక ఇరుకుదారి గుండ దిగి, క్రింది గదులగు జఠరికలను కదలించును. దేహమంతటికిని నెత్తురును పంపునవి ఈ జఠరికలే. ఆ ఇరుకుదారి రోగముచే తెగిపోయినచో పై గదులు తమ త్రోవను తాము కొట్టుకొనుచుండును. క్రింది గదులు ఆజ్ఞ అందక, తమంతట తాము నిమిషమునకు 30, 40 సార్లు మాత్రమే మందముగ కదలుచు, ఒక్కొక్కప్పుడు కొన్ని క్షణములపాటు పూర్తిగ ఊరకుండును. ఆ కొన్ని క్షణములలో మెదడునకు నెత్తురు అందదు. మనిషి మాటాడుచు మాటాడుచునే నేలకొరగును. ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున రాబర్ట్ ఆడమ్స్ 1827లోను, విలియం స్టోక్స్ 1846లోను ఈ మూర్ఛను వర్ణించిరి. అందుచే దానికి స్టోక్స్-ఆడమ్స్ మూర్ఛ యను పేరు వచ్చినది. వైద్యులు దానికి పేరు పెట్టగలిగిరి గాని, నూరేండ్లు గడచినను దానిని ఆపజాలకపోయిరి.

నేడు ఆ మూర్ఛకు విరుగుడు పేస్‌మేకరు. ఎదపై, భుజమునకు దిగువ, చర్మము క్రింద అమర్చు చిన్న లోహపు బిళ్ల అది. దానినుండి సన్నని తీగ రక్తనాళము గుండ గుండెలోనికి పోవును. మన పల్లెలలో సైతము దానిని ధరించి పొలము పనులు చూచుకొను పెద్దలు కలరు. కాని ఆ బిళ్లకు ఊపిరి దానిలోని బ్యాటరీ. సాధారణముగ 8 మొదలు 12 ఏండ్లకు అది క్షీణించును. అప్పుడు వైద్యుడు యంత్రమును మార్చవలెనని చెప్పును. మొదటి శస్త్రచికిత్సనాడు రోగికి ఆలోచించు వ్యవధి తక్కువ. స్పృహ తప్పి పడినవానిని నలుగురు కలిసి ఆసుపత్రికి చేర్తురు. ప్రాణాపాయమే నిర్ణయము చేయును. మార్పిడినాడు అట్లు కాదు. అతడు తన కాళ్లపై తాను నడచి పోవలెను. ఒడలు బాగుగనే యుండును, అన్నము రుచించుచునే యుండును, అయినను మరల కత్తికి లోబడవలెను. పాతది తీసి క్రొత్తది పెట్టు నడిమి క్షణములలో ఏమగునో యను శంక రాత్రులయందు కన్ను మూయనీయదు. ఈ శంకను లోకమున మొట్టమొదట ఎదుర్కొన్నవాడును, ఒక్క జీవితములో ఇరువదికి మించిన పర్యాయములు ఎదుర్కొన్నవాడును లార్సనే.

ఆర్నె లార్సన్ 1915 మే 26న జన్మించెను. ఆయన ఇంజనీరు. ఓడలయందలి విద్యుత్ సామగ్రికి సంబంధించిన పని ఆయన వృత్తి. చెడిన యంత్రమును విప్పి చూచుట, లోపమెక్కడ నున్నదో కనుగొనుట, అరిగిన భాగమును మార్చుట, మరల నడపి చూచుట అట్టి వృత్తిలోనివారికి నిత్యకృత్యము. తన దేహములోనే అట్టి యంత్రమొకటి చేరి, దాని భాగములను జీవితాంతము మార్చుకొనుచు బ్రతుకవలసి వచ్చునని ఆయన కలలోనైన ఊహించి యుండడు.

నలుబది యేండ్లు దాటిన పిదప ఆయనకు వైరస్ వలని జబ్బు సోకినది. ఆ జబ్బు గుండె కండరమును తాకి, ప్రేరణ దిగు ఇరుకుదారిని పూర్తిగ మూసివేసినది. 1958 నాటికి ఆయన మంచము పట్టెను. మూర్ఛలు ఏ వారమునకో, మాసమునకో వచ్చునవి కావు. దినమునకు 20, 30 పర్యాయములు గుండె నిలిచిపోవుచుండెడిది. నిలిచిన ప్రతి పర్యాయము ప్రక్కనున్నవారు ఆయనకు ప్రాణము తెప్పింపవలసి యుండెను. స్టాక్‌హోము నగరమున కానుకొని యున్న సొల్నాలోని కారొలిన్‌స్కా ఆసుపత్రిలో ఆనాడు తెలిసిన మందులన్నియు ప్రయోగించి చూచిరి. ఏదియు ఫలింపలేదు. బలమైన దేహము, నడి వయస్సు, చేతినిండ పని గల మనుష్యుడు గడియకొకమారు మృత్యువు గడప త్రొక్కి వచ్చుచుండెను. ఎప్పుడో యొకప్పుడు తిరిగి రాడని అందరును ఎరుగుదురు.

అందరును ఎరిగినదానిని అంగీకరింపని వ్యక్తి ఒకతె కలదు. ఆమె లార్సన్ భార్య, ఎల్సె-మరీ. యముని వెంట నడచి పతి ప్రాణములను తెచ్చుకొన్న సావిత్రి కథ తెలుగువారికి ఎఱ్ఱన అరణ్యపర్వశేషము మూలమున చిరపరిచితము. ఆ కథలో సావిత్రికి దారి చూపినది యముడే. అతడు ముందు నడచుచుండగ ఆమె వెంబడించినది. ఎల్సె-మరీకి దారి చూపువారు లేకుండిరి. ఏ తలుపు తట్టవలెనో కూడ ఆమెయే వెదకికొనవలసి వచ్చినది. గుండెకు విద్యుత్ప్రేరణ నిచ్చు పరికరములతో ఆ ఆసుపత్రియందే జంతువులపై ప్రయోగములు జరుగుచున్నవని ఆమె తెలిసికొన్నది. ఆ ప్రయోగములు చేయువారు ఇరువురు. ఒకడు శస్త్రవైద్యుడు, రెండవవాడు యంత్రనిర్మాత.

శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్. 1915 డిసెంబరులో జన్మించిన ఆయనకు, లార్సనుకు వయస్సులో కొన్ని నెలలే తేడా. స్వీడనులో గుండె శస్త్రచికిత్సకు పునాది వేసిన క్లారెన్స్ క్రాఫూర్డుకు ఆయన శిష్యుడు, సహచరుడు. తెరచిన గుండెపై పని చేయుటలో ఆనాడు ఐరోపాయందు పేరు గన్నవారిలో ఒకడు. యంత్రనిర్మాత రూనె ఎల్మ్‌క్విస్ట్ 1906లో జన్మించి, వైద్యవిద్య చదివియు వైద్యవృత్తి నవలంబింపక, ఎలెమా-షొనాండర్ అను సంస్థలో చేరి వైద్యపరికరములను నిర్మించుచుండెను. గుండె విద్యుత్తరంగములను సన్నని సిరాధారతో కాగితముపై వ్రాయు యంత్రమును ఆయనయే కల్పించెను. దేహమును ఎరిగినవాడు, యంత్రమును ఎరిగినవాడు ఒక్కడే యగుట అరుదు. లార్సనుకు అట్టివాడు లభించుట ఆయన భాగ్యము.

అంతకు పూర్వము ఈ విషయమున ప్రపంచము ఎంతవరకు నడచినదో పాఠకులు తెలిసికొనుట అవసరము. 1952లో అమెరికాలోని బోస్టను నగరమున పాల్ జోల్ అను వైద్యుడు ఎదపై పలకలనుంచి, చర్మము మీదుగ విద్యుత్తు పంపి, నిలిచిన గుండెను నడపెను. కాని అది గోడలోని కరెంటుపై ఆధారపడిన బరువైన పెట్టె. ప్రతి తాకిడికి రోగి బాధతో ఉలికిపడుచుండెను. 1957లో మినియాపొలిస్ నగరమున కరెంటు పోయి పసిపిల్లల ప్రాణములు ప్రమాదమున పడిన తరువాత, వాల్టన్ లిల్లెహై అను శస్త్రవైద్యుని కోరికపై ఎర్ల్ బాకెన్ అను యంత్రజ్ఞుడు బ్యాటరీతో నడచు చిన్న పెట్టెను చేసి ఇచ్చెను. రోగి దానిని మెడలో వ్రేలాడదీసికొని తిరుగగలుగుట గొప్ప ముందడుగు. అయినను తీగలు చర్మమును చీల్చుకొని లోనికి పోవుటచే ఆ రంధ్రము వెంబడి క్రిములు చేరి పుండ్లు పడుచుండెను. సెన్నింగును బాధించినదియు ఈ క్రిమిదోషమే. యంత్రమంతయు చర్మము లోపలనే యుండి, బయటికి ఏ రంధ్రమును లేకున్నగాని దీనికి పరిష్కారము లేదని ఆయన తలచెను. ఆ పనికై ఎల్మ్‌క్విస్ట్ సహాయమును అర్థించెను.

అయినను ఎల్సె-మరీ వచ్చి అడుగునప్పటికి మనుష్యున కమర్చదగిన యంత్రము సిద్ధముగ లేదు. ప్రయోగములు జంతువులపై మాత్రమే సాగుచుండెను. ఆ మాటయే వారు ఆమెతో చెప్పిరి. ఆమె వినలేదు. యంత్రము లేకున్న చేయుడని ప్రాధేయపడినది. ఎల్మ్‌క్విస్ట్ ప్రయోగశాలకును, సెన్నింగ్ ఆసుపత్రికిని నడుమ ఆమె తిరుగని దినము లేదు. కాదన్నవాని యొద్దకే మరల పోయి, ఒకని నుండి సగము మాట పుచ్చుకొని, ఆ సగమును రెండవవానికి చూపి, ఇరువురిని ఒప్పించినది. ఆమె విద్వాంసురాలు కాదు. వారి యంత్రశాస్త్రమును గూర్చి ఆమెకు చెప్పగలిగినది ఏమియు లేదు. భర్తకు మిగిలియున్న కాలము వారి పరిశోధన పూర్తియగువరకు ఆగదను ఒక్క సత్యము మాత్రము ఆమె చేతిలో నుండెను. ఆ సత్యమునకు ఆ విజ్ఞులు తలయొగ్గిరి.

ఎల్మ్‌క్విస్ట్ అట్లు తొందరపాటున చేసిన యంత్రమున రెండు ట్రాన్సిస్టర్లు, మరల విద్యుత్తు నింపదగిన రెండు చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీలు, చుట్టగా చుట్టిన తీగ మాత్రమే యుండెను. దేహద్రవములు లోనికి చొరకుండ దానినంతను ఎపాక్సి జిగురులో పోతపోయవలెను. ఇది మన యిండ్లలో విరిగిన వస్తువుల నతికించుకొను అరాల్డైటు వంటి జిగురే. పోతకు అచ్చు కావలసి వచ్చినప్పుడు ఆయన చేతికి అందినది బూట్లకు పూయు కివీ పాలిష్ డబ్బా. 55 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల మందము గల ఆ గుండ్రని బిళ్ల మనుష్యదేహమున ప్రవేశింపనున్న మొదటి పేస్‌మేకరు. బ్యాటరీ తీరిపోయినపుడు దేహము వెలుపల, చర్మమునకు ఆనించి మరియొక తీగచుట్టను ఉంచి, ఏ తీగయు లోనికి పోకుండనే విద్యుత్తు నింపు ఏర్పాటు కూడ దానియందు కలదు. ఇన్నాళ్లకు చేతి ఫోనులను తీగ లేకుండ పలకపై నుంచి విద్యుత్తు నింపుకొనుచున్న మనకు ఈ సూత్రము వింత కాదు. ఆనాడు అది సాహసమే.

1958 అక్టోబరు 8వ తేదీ. ఆసుపత్రిలో సాయంకాలమునకు పనులు ముగిసి, శస్త్రచికిత్సా మందిరము ఖాళీ యైన తరువాత సెన్నింగ్ లార్సనును బల్లపైకి చేర్చెను. ఫలితము ఎట్లుండునో తెలియని పనికి నలుగురు చూచుచుండుట ఆయన కిష్టము లేకపోయినది. ఎదను తెరచి, రెండు తీగల కొనలను గుండె కండరమునకు కుట్టి, వానిని పొట్టగోడలో చర్మము క్రిందుగ నుంచిన బిళ్లకు కలిపెను. బిళ్లనుండి వెలువడిన సన్నని ప్రేరణకు లార్సన్ గుండె బదులు పలికినది. నిమిషమునకు 70కి మించి క్రమము తప్పక కొట్టుకొన్నది. నెలల తరబడి క్షణక్షణము తడబడిన గుండె తిన్నగ నడచుట మొదలైనది. అప్పటికి ఆయన వయస్సు 43 ఏండ్లు.

ఆ విజయము తెల్లవారువరకైన నిలువదాయెను. కొన్ని గంటలకే యంత్రము మూగవోయినది. ఎల్మ్‌క్విస్ట్ ముందుచూపుతో మరియొక యంత్రమును కూడ చేసి ఉంచినందున సెన్నింగ్ రెండవదానిని అమర్చెను. అదియు చిరకాలము నిలువలేదు. ఈ విధముగ లోకమున మొదటి పేస్‌మేకరు చరిత్రయే మార్పిడి చరిత్రయైనది. యంత్రమును అమర్చుట యెంత ప్రాచీనమో దానిని మార్చుట కూడ అంతే ప్రాచీనము. ఆ రెండింటికి నడుమ ఉన్న దూరము ఒక్క రాత్రి మాత్రమే.

ఆ స్థితిలో మరియొకడైన ఇక చాలునని యుండెడివాడు. లోకులు ప్రయోగము విఫలమైనదని వ్రాసి యుండెడివారు. కాని యంత్రమును ఎరిగిన లార్సనుకు ఒక సంగతి తెలియును. చెడినది యంత్రము గాని సూత్రము కాదు. పనిచేసిన ఆ కొన్ని గంటలలో గుండె ప్రేరణకు లోబడినది; లోబడిన దానిని మరల లోబరచుకొనవచ్చును. ఓడలోని యంత్రము ఆగినపుడు ఓడను ముంచివేయరు; భాగమును మార్చి ముందుకు సాగుదురు. తరువాతి సంవత్సరములలో మెరుగుపడిన పరికరము వచ్చిన కొలది ఆయన మరల మరల శస్త్రవైద్యుని బల్లనెక్కుచునే యుండెను.

ఇంతలో ఇతర దేశములలోను ఈ విద్య వేళ్లూనినది. 1960 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశపు రాజధాని మాంటివిడియోలో ఎల్మ్‌క్విస్ట్ నిర్మించిన యంత్రమునే ఒక రోగికి అమర్చిరి. ఆ సంవత్సరమే అమెరికాలోని బఫలో నగరమున విల్సన్ గ్రేట్‌బాచ్ అను ఇంజనీరు తన ఇంటి వెనుక కొట్టములో చేసిన యంత్రములను విలియం చార్డాక్ అను వైద్యుడు రోగుల కమర్చెను. గ్రేట్‌బాచ్ ఒకనాడు గుండె చప్పుడును గ్రహించు పరికరమును చేయుచు, పొరపాటున వేరొక విలువ గల రెసిస్టరును పెట్టగా అది గుండెవలె కొట్టుకొన్నదనియు, ఆ పొరపాటే యంత్రమునకు బీజమైనదనియు ప్రసిద్ధి. ఖండాంతరములలో ఒకరి నొకరు చూడనివారు ఒకే దారి త్రవ్వుచుండిరి.

ఆ తొలి యంత్రములకు శత్రువులు మూడు. మొదటిది బ్యాటరీ, ఆనాటి పాదరసపు బ్యాటరీలు రెండుమూడేండ్లకే, ఒక్కొక్కప్పుడు అంతకు ముందే తీరిపోయెడివి. రెండవది తీగ, దినమునకు లక్ష పర్యాయములు కొట్టుకొను గుండెతోపాటు వంగి వంగి, ఏ లోహమైనను అలసి విరుగును. మూడవది తేమ, జిగురుపూత ఎంత గట్టిదైనను దేహములోని ఉప్పునీరు మెల్లగ లోనికి చొచ్చి భాగములను చెరచెడిది. ఈ మూడు లోపములలో ఏది సంభవించినను రోగికి మరల శస్త్రచికిత్స తప్పదు. లార్సన్ ఈ మూడింటిని తన దేహముననే అనుభవించెను. జీవితమంతటిలో ఆయనకు మార్చిన యంత్రములు ఇరువదికి మించినవి. తీగలను సైతము పలుమారులు మార్చిరి. పేస్‌మేకరు చరిత్రలోని ప్రతి మెట్టును ఆయన గ్రంథములలో చదువలేదు; ఎదపైని కోతల గుర్తులలో మోసెను.

ఒక్కొక్క లోపమునకు ఒక్కొక్క విరుగుడు దొరకుట ఆయన కన్నులయెదుటనే జరిగినది. ఎద తెరచుటకు మారుగ రక్తనాళము గుండ తీగను గుండెలోనికి పంపు పద్ధతి 1960వ దశకమున వ్యాపించినది. గుండె తానై కొట్టుకొన్నపుడు ఊరకుండి, తడబడినపుడు మాత్రమే ప్రేరణ నిచ్చు యంత్రము ఆ దశకమధ్యమున వచ్చినది. మంచి కపిల తోలువాడు సాగుచున్న ఎద్దులను ఊరక అదిలింపడు గదా! 1972 నుండి లిథియం-అయొడిన్ బ్యాటరీలు వాడుకలోనికి వచ్చి యంత్రముల ఆయుర్దాయమును కొన్ని రెట్లు పెంచినవి. జిగురుపూతకు బదులు తేమ చొరని టైటేనియం లోహపు కవచము ఏర్పడినది. పిదప యంత్రమును దేహమునుండి తీయకయే, వెలుపలినుండి సంకేతములు పంపి దాని వేగమును సవరించు నేర్పు కూడ అలవడినది. 1958లో ఒక్క రాత్రియైన నిలువని బిళ్ల క్రమముగ పది యేండ్లు నమ్మదగిన నేస్తమైనది.

నేడు యంత్రమును మార్చుకొనబోవు రోగి ఏమి ఎదుర్కొనును? లార్సన్ ఎదుర్కొన్న దానిలో నూరవ వంతు కూడ కాదు. ఆధునిక యంత్రము అకస్మాత్తుగ ఆగిపోదు. బ్యాటరీ తీరుటకు కొన్ని నెలల ముందే హెచ్చరిక చూపును. నియమము తప్పక పరీక్షకు పోవువారికి వైద్యుడు తొందర లేకుండ తేదీ నిర్ణయించును. సాధారణముగ పాత కోత యున్నచోటనే మత్తుసూది నిచ్చి, పాత బిళ్లను తీసి, తీగలను పరీక్షించి, అవి బాగుగ నున్నచో వానినే క్రొత్త బిళ్లకు తగిలింతురు. గుండె పూర్తిగ యంత్రముపై ఆధారపడిన రోగులకు నడిమి క్షణములలో లోటు రాకుండ తాత్కాలికమైన ఏర్పాటును ముందుగనే చేయుదురు. గుండెను తెరచు పని లేదు. ఐనను నిర్లక్ష్యము కూడదు. పాత గూటిని మరల తెరచుటచే క్రిమిదోషము కలుగు అవకాశము మొదటిమారు కంటె మార్పిడిలో కొంత హెచ్చు. అందుచేతనే ముందుగ క్రిమినాశకమైన మందు నిత్తురు. ఇంటికి వచ్చిన పిదప గాయము ఎఱ్ఱబడినను, వాచినను, చీము కారినను, జ్వరము తగిలినను ఇంటివైద్యముతో కాలక్షేపము చేయక వెంటనే వైద్యునికి చూపవలెను.

లార్సన్ ఈ మార్పిడుల నడుమ రోగిగ బ్రతుకలేదు. ఇదియే ఆయన చరిత్రలో ముఖ్యాంశము. మరల వృత్తిలో ప్రవేశించి పని చేసెను. ప్రయాణములు చేసెను. గుండెజబ్బు గలవారికి ధైర్యము చెప్పుటను తనకు తానుగ ఒక విధిగ స్వీకరించి, స్వదేశమున రోగుల సంఘములలో పని చేయుచు, పరదేశములకును పోయి పేస్‌మేకరు ధరించినవారిని, వైద్యులను కలిసికొనెను. ఎన్ని గ్రంథములు చెప్పినను నమ్మని రోగి, ఎదుట నిలిచి నవ్వుచున్న ఆ మనుష్యుని చూచి నమ్మును. ఆయన చేతి నాడిని పట్టుకొన్నవాడు యంత్రము చప్పుడును కాక జీవితపు చప్పుడును వినును.

ఆ సాయంకాలము ఆయనను కాపాడిన ఇరువురును తరువాత చాలకాలము జీవించి, తమ తమ రంగములలో అగ్రగణ్యులైరి. సెన్నింగ్ 1961లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడై పోయి, 1969లో ఆ దేశమున మొదటి గుండెమార్పిడి శస్త్రచికిత్సను చేసెను. పుట్టుకతోనే రక్తనాళములు తారుమారైన శిశువుల గుండెను చక్కదిద్దు ఒక శస్త్రపద్ధతికి ఆయన పేరు నిలిచినది. ఎల్మ్‌క్విస్ట్ మాత్రము తన పేస్‌మేకరును తొలిదినములలో ఒక సాంకేతిక వింతగనే భావించెనని చెప్పుదురు. ఆయన 1996లోను, సెన్నింగ్ 2000వ సంవత్సరమునను మరణించిరి. చేసినవాడును పోయెను, అమర్చినవాడును పోయెను. వారి చేతులలో ఒకనాడు కొన ఊపిరితో నున్న రోగి మాత్రము అప్పటికిని సజీవుడై యుండెను. రోగి తన వైద్యుని కంటె చిరాయువగుట కంటె వైద్యునికి వేరు కీర్తి యుండునా?

2001 డిసెంబరు 28న ఆర్నె లార్సన్ 86 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. మరణకారణము గుండె కాదు. చర్మమునకు సంబంధించిన క్యాన్సరు. జీవితమున దినమునకు ముప్పది పర్యాయములు నిలిచిపోయిన ఆ గుండె చివరి దినములవరకు తన పని తాను చేయుచునే యుండెను. లెక్క చూచినచో ఒక వింత గోచరించును. 1958 నాటికి ఆయనకు నిండినవి 43 ఏండ్లు. యంత్రము తోడుగా తరువాత జీవించినవి 43 ఏండ్లు. తల్లి ఇచ్చిన గుండె ఆయనను ఎంత దూరము నడపినదో, ఎల్సె-మరీ పట్టుదల, ఎల్మ్‌క్విస్ట్ నేర్పు, సెన్నింగ్ సాహసము కలిసి మరల అంత దూరము నడపినవి. మనుష్యునికి రెండవ జన్మ యుండునో లేదో శాస్త్రములు వాదించుకొనవచ్చును. లార్సన్ మాత్రము ఒకే జన్మలో రెండు జీవితములు సమానముగ జీవించెను.

ఆయన రెండవ జీవితము ఒక్క దినమున దొరకిన వరము కాదు. సావిత్రికి యముడు ప్రాణములను ఒక్కసారి తిరిగి ఇచ్చెను, కథ ముగిసినది. లార్సనుకు ప్రాణము కొన్ని యేండ్ల గడువుకే లభించుచుండెను. గడువు తీరినప్పుడెల్ల పోయి, మరల అడిగి తెచ్చుకొనవలసి యుండెను. ప్రమాదము ముంచుకొని వచ్చినపుడు ధైర్యము చూపినవారు లోకమున పెక్కురు. బాగుగ నున్న దినమున, తీరికగ ఆలోచించుకొని, భయమును పూర్తిగ ఎరిగి, మరల మరల అదే బల్లను ఎక్కుట అంతకంటె కష్టతరమైన ధైర్యము. చప్పట్లకు నోచుకొనని ధైర్యము కూడ అదియే.

1991లో ఈ అమరాపురమునకు ఎక్కువ దూరము కాని పుట్టపర్తియందు గుండెజబ్బులకు రుసుము లేకుండ చికిత్స చేయు పెద్ద ఆసుపత్రి వెలసినది. స్టాక్‌హోములో ఒక భార్య తలుపు తలుపును తట్టి సాధించినది నేడు ఎద్దులబండి నడచిన దారులలోని సామాన్యునికి సైతము అందుబాటునకు వచ్చినది. కపిలలు పోయినవి, బావులపై మోటారులు వచ్చినవి, మోటారులు కాలిపోయినపుడు రైతు కన్నీరు పెట్టి ఊరకుండడు, దానిని విప్పి తీగ చుట్టించుకొని వచ్చి మరల నీరు పారించును. బ్యాటరీ తీరినదని విని బెంగటిల్లు తండ్రికో, తల్లికో తోడుపోవలసిన బిడ్డలు ఆ స్వీడను ఇంజనీరు కథను దారిలో వారికి చెప్పవలెను. యంత్రము పాతబడుట వారి గుండె ఓడుట కాదు. అది ఇన్నేండ్లు గెలిచినదనుటకు సాక్ష్యము.